జీర కావాలి, గాయం వద్దు: రాక్ పాటకు గొంతు సిద్ధం చేసుకోవడం ఎలా

తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద సాయంత్రాలు నేను గాత్రం చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది సరళీ స్వరాలు మొదలుపెట్టే చిన్నపిల్లలు. శని, ఆదివారాల్లో మాత్రం ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఐదారుగురు గిటార్లు భుజాన వేసుకుని వస్తారు. వాళ్లకు రాక్ పాడాలని కోరిక. మొదటి రోజు "ఏదీ, మీకు నచ్చిన పాట ఒకటి పాడండి" అంటే అందరూ ఒకే పని చేస్తారు. మెడ నరాలు పొంగేలా, ముఖం కందిపోయేలా అరుస్తారు. రెండో చరణానికల్లా గొంతు బొంగురుపోతుంది. ఆ బొంగురే రాక్ అని వాళ్ల నమ్మకం.

అది రాక్ కాదు, దెబ్బ తిన్న గొంతు. గొప్ప రాక్ గొంతు వింటున్నప్పుడు ఇక ఇప్పుడో ఇంకాసేపటికో తెగిపోతుందేమో అనిపిస్తుంది. కానీ తెగదు. మరునాడు అదే పాట మళ్లీ అలాగే పాడుతుంది. దీన్ని నేను మొదట చూసింది ఏ రాక్ కచేరీలోనూ కాదు, చిత్తూరు పక్క పల్లెలో, మా తాత దగ్గర.

మా వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. మా తాత అర్జునుడి వేషం కట్టేవాడు. అర్జునుడి తపస్సు రోజున తాటిచెట్టంత ఎత్తున్న తపస్సు మానును మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కాలి. కింద చుట్టుపక్కల ఊళ్ల జనమంతా. రెండు చేతులూ మానును పట్టుకునే ఉంటాయి కాబట్టి మైకు పట్టుకునే వీలే లేదు. పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి విసిరేవాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు కొంగు పట్టి నిలబడేవారు. పొద్దుట లేచి చూస్తే అదే మనిషి అవ్వతో మామూలు గొంతుతో మాట్లాడుతూ కాఫీ తాగుతుండేవాడు. ఎలా తాతా అని అడిగితే ఒకటే మాట చెప్పేవాడు: "ఊపిరంతా కిందే ఖర్చు పెట్టేయకు, మాను ఇంకా సగం ఉంది."

నేను రాక్ పిల్లలకు చెప్పేదంతా ఆ మాటకు వివరణే.

ముందు ఒక అపోహ పోవాలి. గొప్ప గొంతు అంటే చాలా పై స్థాయి అందుకునే గొంతు అనుకుంటారు. క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీనే తీసుకోండి. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ, మన పంచ్‌గనిలో చదువుకుని బడి బ్యాండులో పియానో వాయించినవాడు. 2016లో ఐరోపా పరిశోధకులు ఆయన పాత ఇంటర్వ్యూలు తీసుకుని మాట్లాడే గొంతును కొలిచారు. సెకనుకు సుమారు 117 కంపనాలు వచ్చాయి. అంటే సహజంగా అది మామూలు మగగొంతు, కాస్త కింది స్థాయిది. పాటలో మనకు వినిపించే ఆ పై స్థాయి పుట్టుకతో వచ్చింది కాదు, కట్టుకున్నది. దీర్ఘ స్వరం చివర ఆయన పెట్టే కంపితం కూడా సెకనుకు ఏడు ఊగుల దాకా ఉంటుందని వాళ్లే తేల్చారు. చాలామంది గాయకులకు అది ఐదారు దగ్గర ఉంటుంది. ఆ చిన్న తొందరే ఒక్క స్వరంలో ఆయన్ను గుర్తుపట్టిస్తుంది. ఇక అమెరికా రాక్ గాయని జానిస్ జాప్లిన్ 1970లో 27వ ఏట పోయింది. ఆమె గొంతు ఎంత పైకి వెళ్లిందో ఎవరూ లెక్కపెట్టుకోరు. ఏ మాట దగ్గర పగిలిందో అందరికీ గుర్తుంటుంది. మాట పగలాల్సిన చోట పగలడం, మిగతా చోట నిలబడటం: నేను గొప్పతనం అనేది దాన్నే.

ఇప్పుడు పనిలోకి వద్దాం. మొదట మీ గొంతు ఇల్లు ఎక్కడుందో కనుక్కోండి. మిద్దె మీద నిలబడి, వీధి చివర ఆడుకుంటున్న తమ్ముణ్ని భోజనానికి పిలవండి. కోపంగా కాదు, వినబడాలని మాత్రమే. "రారా!" అని సాగదీసినప్పుడు గొంతు తనంతట తానే ఒక స్వరం మీద నిలుస్తుంది. ఫోనులో శ్రుతి పెట్టుకుని అది ఏ స్వరమో చూసుకోండి. మూడు రోజులు మూడు పూటలు పిలిచి చూస్తే దాదాపు అక్కడక్కడే వస్తుంది. మీ రాక్ పాటలో పతాక స్థాయి ఆ స్వరం చుట్టూ, మహా అయితే రెండు మూడు స్వరాలు పైన ఉండాలి. పాట అంతకంటే పైన ఉంటే పాటను దించండి, గొంతును పైకి ఈడ్వకండి. శ్రుతి దించడం ఓటమి అని మగపిల్లలు తెగ బాధపడతారు. గన్స్ అండ్ రోజెస్ బ్యాండు వాళ్లు గిటారు తీగలన్నీ అర స్వరం దించుకుని వాయించేవారు, వాళ్ల పాట బలహీనంగా ఉందని ఎవరైనా అన్నారా? ఆడపిల్లలకు మరో మాట. రాక్ పాట మగగొంతు శ్రుతిలో ఉంటే దాన్ని ఎనిమిది స్వరాలు పైకెత్తి సన్నగా పాడకండి. రాక్ గాయని టీనా టర్నర్ లాగా ఛాతీలో మోగే కింది భాగంలోనే మీ బలం ఉంటుంది, శ్రుతిని అక్కడికి తెచ్చుకోండి.

తర్వాత ఊపిరి. దీనికి మాకు ఊళ్లోనే మంచి బడి ఉంది. అలిపిరి నుంచి కొండ మెట్లు 3,550. పిల్లల్ని తెల్లవారుజామున తీసుకెళ్లి మొదటి రెండు మూడు వందల మెట్లు ఎక్కిస్తాను. మామూలుగా కాదు, గోవింద నామాలు చెబుతూ. మెట్టుకో నామం, ప్రతి నామం చివరి అక్షరం దాకా వినబడాలి. మొదటి యాభై మెట్లు ఉత్సాహం మోసుకుపోతుంది. ఆ తర్వాత అసలు విషయం బయటపడుతుంది. ఊపిరి చప్పుడుగా, భుజాలు ఎగరేసి పీల్చేవాళ్లు నూరో మెట్టు దగ్గర నామం మింగేస్తారు. నడుము చుట్టూ, పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూడండి. పీల్చినప్పుడు అక్కడ విచ్చుకోవాలి, భుజాలు కదలకూడదు. పాడుతున్నప్పుడు ఆ విచ్చుకున్న పక్కటెముకలు వెంటనే కూలిపోకుండా కాసేపు నిలబెట్టాలి. చిల్లర డబ్బు గుప్పెట్లో పట్టుకుని ఒక్కో నాణెం జారవిడిచినట్టు ఊపిరిని వదలాలి.

ఇందులో కార్యకారణం తెలిస్తే సగం తప్పులు పోతాయి. గొంతులో స్వరతంత్రులు రెండు, ఒక్కోటి సెంటీమీటరున్నర, రెండు సెంటీమీటర్ల పొడవు. మగవాడు రాక్ పాటలో పై స్వరం పట్టుకున్నప్పుడు అవి సెకనుకు 440 సార్లు, ఒక్కోసారి 500కు పైగా కొట్టుకుంటాయి. కింద నుంచి ఊపిరి బలంగా తోస్తే దాన్ని ఆపడానికి అవి బిగుసుకుంటాయి. బిగుసుకుంటే ఇంకా తోయాలనిపిస్తుంది. ఆ పోట్లాటలో ఓడేది ఎప్పుడూ ఆ చిన్న కండరాలే. కాబట్టి పై స్వరం కోసం ఊపిరి పెంచాలనిపించిన ప్రతిసారీ కాస్త తగ్గించి చూడండి. చాలాసార్లు స్వరం తేలిగ్గా దొరుకుతుంది. రాక్ గాయకుడు రోనీ జేమ్స్ డియో చిన్నప్పుడు ట్రంపెట్ వాయించాడు, ఊపిరి విద్య తనకు అక్కడే వచ్చిందని చెప్పుకునేవాడు. ఆశ్చర్యం లేదు. పెళ్లిలో నాదస్వరం వాయించేవాళ్ల పొట్ట, నడుము గమనించండి, నేను ఇక్కడ రాసిందంతా అక్కడ కనిపిస్తుంది.

మూడోది కంచు. మనవాళ్లు కంచు కంఠం అని ఊరికే అనలేదు. తిరుపతి బస్టాండులో సాయంత్రం నిలబడి వినండి. ఇంజన్లు మోగుతుంటాయి, హారన్లు, జనం గోల. ఆ మధ్యలో ఒక మనిషి ఫుట్‌బోర్డు మీద నిలబడి "చిత్తూర్ చిత్తూర్ చిత్తూరే!" అంటాడు. అరవడు. ముఖంలో ఒత్తిడి ఉండదు, ఒక చేత్తో టికెట్ల డబ్బు లెక్కపెట్టుకుంటూనే అంటాడు. అయినా అవతలి ప్లాట్‌ఫారం దాకా కొట్టొచ్చినట్టు వినబడుతుంది. కారణం ఏమిటంటే స్వరతంత్రులకు సరిగ్గా పైనున్న గొట్టం మూతిని ఆయన తెలియకుండానే సన్నం చేస్తున్నాడు. దాంతో ధ్వనిలో శక్తి సెకనుకు 3,000 కంపనాల దగ్గరికి పోగవుతుంది. మనిషి చెవి అన్నిటికంటే పదునుగా వినేది ఆ ప్రాంతాన్నే. గిటారు, డ్రమ్ముల రొదను చీల్చుకుని రావడానికి బలం అక్కర్లేదు, ఈ కంచు చాలు.

సాధన ఇలా చేయండి. చిన్నపిల్లలు ఒకరినొకరు వెక్కిరించుకునే "న్యా న్యా న్యా" ఉంది కదా, అది పట్టుకోండి. తర్వాత పిల్లి "మ్యావ్". తర్వాత "బ్యాంకు" అనే మాటలో 'బ్యా' ఉందే, ఆ అచ్చు మీద మీ పిలుపు స్వరం నిలపండి. ముక్కుతో పాడుతున్నట్టు అనిపిస్తే ముక్కు మూసి చూడండి. ధ్వని మారకపోతే మీరు సరైన చోటే ఉన్నారు, మారితే గాలి ముక్కులోకి పోతోంది. వికారంగా ఉందని మొదటి వారం అందరూ మానేయాలనుకుంటారు. మానకండి. దగ్గర నుంచి వికారంగా ఉన్నది ఇరవై అడుగుల దూరం నుంచి మెరుపులా వినిపిస్తుంది. ఫోను అంత దూరాన పెట్టి రికార్డు చేసుకుని వినండి.

తెలుగులో రాక్ రాసుకుని పాడేవాళ్లకు ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మనది అజంత భాష, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. స్వరం సాగదీయడానికి ఇంతకంటే సుఖం లేదు. కానీ రాక్‌కు దెబ్బ కూడా కావాలి. ఆ దెబ్బ మన ద్విత్వాక్షరాల్లో ఉంది. కొట్టు, పగ్గం, నిప్పు, గుండె చప్పుడు వంటి మాటల్లో ఒత్తును డ్రమ్ము దెబ్బ మీద కూర్చోబెట్టండి, పాటకు వెన్నెముక వస్తుంది. పతాక స్వరం మీద మాత్రం 'ఇ', 'ఉ' రాకుండా రాసుకోండి. పై స్థాయిలో అవి గొంతును మూసేస్తాయి. తప్పనిసరిగా వస్తే 'ఇ'ని 'ఎ' వైపు, 'ఉ'ని 'ఒ' వైపు కొద్దిగా జరపండి. వినేవాళ్లకు మాట అర్థమవుతుంది, మీకు దారి తెరుచుకుంటుంది.

ఇక జీర, అంటే గొంతులో ఆ గరుకు. పిల్లలందరూ దీనికోసమే వస్తారు, నేను మాత్రం దీన్ని మూడు నెలల దాకా ముట్టనివ్వను. కారణం నా గొంతే. పంతొమ్మిదేళ్ల వయసులో ఒక కాలేజీ ఉత్సవంలో పాడాను. వేదిక మీద నా గొంతు నాకు వినిపించలేదు. వినిపించడం కోసం తోశాను, జీర కోసం గొంతును పిండాను. మరునాడు మాట లేదు. వారమైనా రాలేదు. డాక్టరుగారు సన్నని కెమెరా పెట్టి తెర మీద చూపించారు. ముత్యంలాంటి తెల్లని రెండు తంత్రులు, రెండింటి నడుమ ఎదురెదురుగా రెండు చిన్న వాపులు. అవి అడ్డుపడి తంత్రులు పూర్తిగా కలవడం లేదు, ఆ సందులోంచి గాలి కారిపోతోంది. ఆపరేషన్ అవసరం పడలేదు. కానీ మూడు వారాలు దాదాపు మౌనం, తర్వాత నెలల తరబడి మాట్లాడటం మళ్లీ నేర్చుకున్నాను. తెర మీద ఆ రెండు వాపులు చూసినప్పుడు కలిగిన భయం ఇవాళ్టికీ నాలో ఉంది. అందుకే ఈ విషయంలో నేను రాజీపడను.

మంచి జీర స్వరతంత్రులను రాపాడించడం వల్ల రాదు. వాటికి పైన, వాటికి కాపలాగా మరో జత మెత్తని మడతలు ఉంటాయి. స్వరం కింద శుభ్రంగా మోగుతుండగా పైమడతలు వదులుగా కలిసి గరగరమంటాయి. పాటా చెడదు, గరుకూ వస్తుంది. నిరుడు ఒక అబ్బాయి దీన్ని పట్టుకున్న సాయంత్రం నాకు బాగా గుర్తు. రెండు వారాలుగా పిండుతూనే ఉన్నాడు, దగ్గుతూనే ఉన్నాడు. ఇక పాట ఆపించి, మూలనున్న నీళ్ల బిందె ఎత్తి అరుగు మీద పెట్టమన్నాను. ఎత్తేటప్పుడు "హూఁ" అన్నాడు, లోపల చిన్న గరుకుతో. "అదే, ఇంకోసారి, బిందె లేకుండా, చెవిలో చెప్పినంత మెల్లగా" అన్నాను. అన్నాడు. "ఇప్పుడు దాన్నే నీ పిలుపు స్వరం మీద పెట్టు, బలం పెంచకు." మూడోసారికి స్వరం కింద స్వచ్ఛంగా నిలిచింది, మీద కొబ్బరి తురిమినట్టు ఒక పొర. వాడు తెల్లబోయి నా వైపు చూశాడు. "మేడమ్, గొంతుకు ఏమీ తెలియలేదు" అన్నాడు. ఏమీ తెలియకపోవడమే గుర్తు.

మీ అంతట మీరు సాధన చేస్తుంటే నియమాలు ఇవి. రోజుకు ఐదు నిమిషాలు దాటకూడదు. ఎప్పుడూ మెల్లగానే. గిలి, మంట, దగ్గు వస్తే ఆ రోజుకు ఆపేయాలి. జీర పెట్టిన వెంటనే అదే స్వరం శుభ్రంగా పాడి చూడాలి, మరక లేకుండా రావాలి. రాకపోతే మీరు తంత్రులను రాపాడిస్తున్నారు. గదిలో నిలబడి వింటే చాలా గొప్ప కేకలు మీరు ఊహించినంత పెద్దవిగా ఉండవు. వాటిని పెద్దవి చేసేది మైకు.

మైకు గురించి క్లుప్తంగా. వేదికల మీద ఎక్కువగా కనిపించే ఆ గుండ్రటి జాలీ మైకు, షూర్ ఎస్‌ఎం58, 1966 నుంచి ఉంది. అది ముందువైపు ధ్వనినే తీసుకుంటుంది. జాలీని పిడికిలితో మూసేస్తే ఆ గుణం పోయి స్పీకర్లలోంచి కీచుమనే కూత మొదలవుతుంది. కాడ పట్టుకోండి. మెల్లని మాటలకు పెదవులకు ఆనించండి, కింది ధ్వని నిండుగా వస్తుంది. కేక దగ్గర జానెడు దూరం జరపండి. మైకు సెట్ అతనితో ముందే మాట్లాడుకుని మీ గొంతు మీకు వినిపించేలా ఎదుట ఒక స్పీకరు పెట్టె పెట్టించుకోండి. దీనికి మొహమాటపడకండి. నా గొంతు పోయింది దీనివల్లే. చెవులకూ దూది కాదు, సరైన ప్లగ్గులు వాడండి. ఏసీడీసీ బ్యాండు గాయకుడు బ్రయాన్ జాన్సన్ అంతటివాడు 2016లో వినికిడి దెబ్బతిని పర్యటన మధ్యలో ఆగిపోవలసి వచ్చింది.

గొంతు సంరక్షణలో మన సీమ అలవాట్లతో ఒక చిక్కుంది. కార్యక్రమం రాత్రి పదకొండింటికి ముగుస్తుంది, ఆకలి దంచేస్తుంటుంది, వేడి సంగటి, నాటుకోడి పులుసు తిని వెంటనే పడుకుంటారు. పడుకోగానే కడుపులోని పులుపు పైకెగదన్ని స్వరతంత్రులను తడుపుతుంది. పొద్దుట గొంతు బరువుగా ఉంటే పాట మీద నెపం పెడతారు. పెరుగన్నం కొంచెం తినండి, సంగటి మరునాటి మధ్యాహ్నానికి ఉంచండి. తాగిన నీళ్లు తంత్రులకు నేరుగా తగలవు, ఒళ్లంతా తిరిగి ఆలస్యంగా చేరతాయి. కాబట్టి వేదిక ఎక్కే ముందు గటగటా తాగితే లాభం లేదు, పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా తాగాలి. నేరుగా తగిలేది ఆవిరి. గొంతు అలసితే గుసగుసగా మాట్లాడకండి, అది మామూలు మాట కంటే మేలేమీ కాదు. పూర్తిగా ఊరుకోండి. మూడు వారాలు దాటినా బొంగురు పోకపోతే మిరియాల పాలు, కషాయాలు పక్కనపెట్టి చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించండి.

కార్యక్రమం రోజున వేదిక వెనుక చేయాల్సిన పని ఒకటే. కొబ్బరిబోండం గొట్టం ఒకటి తీసుకుని, గ్లాసు నీళ్లలో రెండు వేళ్ల లోతున ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ కింది నుంచి పైకి, పైనుంచి కిందికి పది నిమిషాలు జారండి. గొట్టంలోంచి వెనక్కి వచ్చే ఒత్తిడి తంత్రులను మెత్తగా ఎడం చేసి నిద్ర లేపుతుంది. నేను చూసినంతలో ఇంతకంటే సురక్షితమైన సాధన లేదు.

అయినా ఆ రోజు గొంతు బాగాలేదనుకోండి. పాటను ఒక స్వరం దించండి, జీర మానేయండి, పతాక స్వరాన్ని జనానికి ఇచ్చేయండి. 1985లో వెంబ్లీ స్టేడియంలో మెర్క్యురీ ఒక్కో స్వరం విసిరి, వేలమంది దాన్ని తిరిగి పాడేదాకా ఆగడం మీరు చూసే ఉంటారు. మా ఊళ్లో హరిదాసుగారు ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. కథ ఉధృతంలో గొంతు ఆరిపోతుండగా చిడతలు పైకెత్తి "శ్రీమద్రమారమణ గోవిందో" అంటారు. జనమంతా "హరి!" అని అందుకుంటారు. ఆ క్షణంలో ఆయన తల పక్కకు తిప్పి, ఒక గుక్క నీళ్లు తాగి, నడుము నిండా ఊపిరి పట్టుకుంటారు.